హైడ్రోజన్‌లో పసుపు గీత

ల్యాబ్ ఇన్‌చార్జిగా కొత్తగా చేరిన ఒక లెక్చరర్ మొన్న ఫోన్ చేశాడు. "సార్, మీరు గిన్నేండ్లు ల్యాబ్ నడిపిన్రు. నాలుగు మంచి మాటలు చెప్పున్రి" అన్నాడు. నా దగ్గర మంచి మాటలు లేవు. ఒక చెడ్డ రోజు ఉంది. అది చెప్తాను. విన్న తర్వాత నన్ను సలహా అడగాలో వద్దో మీరే తేల్చుకోండి.

నేను సిద్దిపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆఖరి సంవత్సరం పిల్లలకు వర్ణపటాల పేపరు నాది. ఆ పేపరంటే నాకు ప్రాణం. ట్యూబ్‌లైటు తెల్లగా ఎందుకు వెలుగుతుందో, హైవే మీద పాత దీపాలు పసుప్పచ్చగా ఎందుకు ఉండేవో, పరమాణువు లోపల ఎలక్ట్రాన్ ఎన్ని మెట్లు దిగుతుందో, ఎక్కడో ఉన్న నక్షత్రంలో ఏ వాయువు మండుతున్నదో, ఇవన్నీ వెలుగును విడదీసి చూస్తే కనబడే రంగుల గీతల్లోంచే చెప్పవచ్చు. ఏ మూలకం గీతలు దానివే. ఒకదానివి ఇంకొకదానికి రావు.

ఏటా ఒక కథ చెప్పేవాణ్ణి. వందేళ్ల కంటే ముందు, సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి పరదేశపు శాస్త్రవేత్తలు మన గుంటూరు దాకా వచ్చారు. ఆ కాలంలోనే సూర్యుడి అంచు వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. చూసినవాళ్లు మొదట సోడియం అనుకున్నారు. జాగ్రత్తగా కొలిస్తే అది సోడియం గీతకు రవ్వంత పక్కన ఉంది. అది హీలియం అని, భూమి మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకమని తర్వాత తేలింది. "చూసిన్రా, గా రవ్వంత తేడాను కొట్టేస్తే హీలియం దొరకకపోతుండె" అని బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు. గుద్దిన చేతికి బుద్ధి లేదని అప్పుడు నాకు తెలియదు.

ఇక ల్యాబ్. ఒక చీకటి గది, అందులో స్పెక్ట్రోమీటరు. సన్నటి గాజు ట్యూబులో వాయువు ఉంటుంది. దానికి కరెంటిస్తే వెలుగుతుంది. ఆ వెలుగు సన్నని చీలికలోంచి వచ్చి, గ్రేటింగ్ అనే గాజుబిళ్ల మీద పడి, రంగు గీతలుగా విడిపోతుంది. టెలిస్కోపును ఒక్కో గీత మీదికి తిప్పి, ఎన్ని డిగ్రీలు తిరిగిందో కింది పళ్లెం మీద చదువుకోవాలి. ఒక్కో డిగ్రీలో అరవై నిమిషాలు. హైడ్రోజన్ ట్యూబు పెడితే ఎరుపు, నీలం, ఊదా గీతలు రావాలి. వాటిని బట్టి లెక్క కట్టి, పుస్తకంలో ఉన్న ఒక స్థిరాంకాన్ని రాబట్టాలి. మొత్తం ప్రయోగం ఇంతే.

ఆ ప్రయోగాన్ని నేను చూడటం మానేసి చాలా ఏళ్లయింది. చెప్తే సిగ్గుచేటు, కానీ నిజం. పొద్దున వచ్చి హాజరు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అది ఎక్కదు. ఎక్కలేదని ఇంకో చోట ఎక్కించాలి. తనిఖీ బృందం వస్తుందంటే మూడేళ్ల ఫైళ్లు ఒక్క వారంలో పుట్టించాలి. స్కాలర్‌షిప్ ఫారాలు, ఎలక్షన్ డ్యూటీ, మొక్కలు నాటిన ఫొటోలు. ల్యాబ్‌లో నేను చేసే పని ఒక్కటే మిగిలింది, రికార్డు పుస్తకాల మీద సంతకం. పిల్లల సౌకర్యం కోసం ఒక మోడల్ రికార్డును స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. అప్పటి నుంచి అందరి రీడింగులూ అద్భుతంగా రావడం మొదలైంది. నా బోధన బాగుపడిందనుకున్నాను!

నా రిటైర్మెంటుకు ముందు ఒక బ్యాచ్‌లో దుబ్బాక నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకనాడు రికార్డు పట్టుకొని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, హైడ్రోజన్ల పసుపు గీత కనబడుతుంది. మస్తు బ్రైట్‌గ ఉంది."

నేను హాజరు పోర్టల్‌తో కుస్తీ పడుతున్నాను. తల ఎత్తలేదు. "పక్క టేబుల్ మీద సోడియం దీపం ఉంటది కదా. దాని వెలుగు పడ్డది."

"అందరు పోయినంక సోడియం దీపం బంద్ చేసి చూసిన సార్. అయినా ఉంది. పోయిన వారం నేను సోడియం గీత కొలిచిన. దానికి దీనికి మూడు నిమిషాల తేడా వస్తుంది."

"మూడు నిమిషాలా?" నాకు నవ్వొచ్చింది. "చేయి కదిలి ఉంటది."

"ఐదు సార్లు కొలిచిన సార్. మా బాపు మగ్గం మీద ఒక్క పోగు తప్పినా నేనే పట్టుకుంట. నాకు చూసుడు అలవాటే."

అప్పుడు తల ఎత్తాను. కుతూహలంతో కాదు, విసుగుతో. రికార్డు లాక్కొని, ఆ పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టి, 'మళ్లీ చేయి' అని రాసి, "పుస్తకంల పసుపు గీత ఉన్నదా? లేదు గదా. గ్రూపుల పెట్టిన మోడల్ చూసుకో" అన్నాను. ఆమె "సరే సార్" అని వెళ్లిపోయింది. వారం తర్వాత పుస్తకంలో ఉన్న విలువలతో కొత్త పేజీ తెచ్చింది. 'వెరీ గుడ్' అని సంతకం పెట్టాను.

గ్రహణం కథ ఆ సెమిస్టర్‌లోనే చెప్పాను. బల్ల కూడా గుద్దాను.

మార్చి ఎండలు మొదలయ్యాక ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పరీక్ష తీసుకోవడానికి వేరే ఊరి నుంచి ఎక్స్‌టర్నల్ సార్ వచ్చాడు. మధ్యాహ్నం ఆయనకు ఇంకో కాలేజీలో పరీక్ష ఉంది. అందుకని వచ్చీరాగానే, "తొందరగ కానిద్దాం సార్, ఒంటి గంటకు నేను బస్సెక్కాలె" అన్నాడు. చీటీలు తీస్తే ఐదుగురికి హైడ్రోజన్ ప్రయోగం వచ్చింది. ఆ ఐదుగురిలో దుబ్బాక అమ్మాయి ఒకతి. ఉన్నది ఒకటే స్పెక్ట్రోమీటరు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు చీకటి గదిలోకి పోయి వచ్చారు. నలుగురు పావుగంటకొకరు బయటికొచ్చారు. ఆ అమ్మాయికి ముప్పావు గంట పట్టింది. ఎక్స్‌టర్నల్ సార్ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

పేపర్లు ఆయన ముందుకెళ్లాయి. కాసేపటికి నన్ను పిలిచాడు.

"ఏంది సార్ ఇది? నలుగురికి బ్రహ్మాండంగ వచ్చింది. ఈ అమ్మాయేమో హైడ్రోజన్‌కు ఐదు గీతలు రాసింది. పసుపంట, ఆకుపచ్చంట. లెక్క అసలే తేలలేదు. కింద చూడున్రి ఏం రాసిందో."

కింద నీలి సిరాతో ఒక వాక్యం ఉంది. 'ఈ ట్యూబులో ఉన్నది హైడ్రోజన్ కాదని నా కొలతలు చెబుతున్నాయి.'

ఇంత చెప్పినా మళ్లీ అదే! అమ్మాయిని పిలిపించాము.

"హైడ్రోజన్‌కు పసుపు గీత ఉంటదా?" ఎక్స్‌టర్నల్ సార్ అడిగాడు.

"ఉండదు సార్."

"మరి ఎందుకు రాసినవ్?"

"కనబడ్డది సార్. రికార్డుల సార్ చెప్పినట్టు రాసిన. పరీక్షల నేను కొలిచింది రాసిన."

"అంటే గిన్నేండ్ల నుంచి మీ సార్‌కు తెల్వనిది నీకు తెలిసిందా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో ధిక్కారం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. అందులో ఉన్నది ఎదురుచూపు. "రా, నేను చూపిస్త. పసుపు ఎక్కడుందో చూద్దాం" అని కోపంగా చీకటి గదిలోకి నడిచాను. టెలిస్కోపుకు కన్ను ఆనించాను. ఎన్నేళ్ల తర్వాత ఆనించానో లెక్క చెప్పలేను.

పసుపు గీత ఉంది. నడిమధ్యలో, సన్నగా, మెరుస్తూ. దాని పక్కన ఆకుపచ్చ. ఎరుపు ఉండాల్సిన చోటికి కొంచెం ఎడంగా ఎరుపు. సోడియం దీపం ఆర్పించాను. తలుపు కింద గుడ్డ పెట్టించాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను. అది పోలేదు. వెలుగుతున్నది హీలియం. ఏటా బల్ల గుద్ది చెప్పిన ఆ పసుపు గీతే నా ల్యాబ్‌లో నా కళ్లముందు ఉంది. దాన్ని సోడియం అని కొట్టిపారేసింది నేనే.

అటెండర్‌ను కేకేశాను. నాతోపాటే ముసలివాడవుతున్న మనిషి, మంచివాడు. "హీలియం అని రాసి ఉన్న ట్యూబు తే" అన్నాను. తెచ్చాడు. పెట్టి చూస్తే ఎరుపు, నీలం, ఊదా. అది హైడ్రోజన్!

"ఏందయ్యా ఇది? లేబుళ్లు ఎట్ల మారినయి?"

అతను తల గోక్కున్నాడు. "మూడేండ్ల కింద తనిఖీ వాళ్లు వచ్చినప్పుడు సార్... ల్యాబంత తళతళ మెరవాలె అని మీరే అంటిరి గద. సబ్బు నీళ్లల్ల కడిగిన. కాయితాలు ఊడిపోయినయి. రెండు ట్యూబులు ఒక్క తీరుగనే ఉన్నయి సార్. ఏది దేనిదో యాదికుండి అతికించిన."

"యాదికుంటే గిట్ల ఎందుకు అతికించినవ్?"

"యాదికున్నదనే అనుకున్న సార్. ఎవ్వలు ఏం అనకపోతిరి. మూడేండ్ల సంది అందరికి కరెక్టే వస్తుండె."

అతన్ని తిట్టడానికి నోరు తెరిచాను. అతనన్న మాటే అడ్డొచ్చింది. అందరికీ కరెక్టే వచ్చింది! మూడేళ్లుగా మా పిల్లలు హీలియం ట్యూబు ముందు కూర్చొని హైడ్రోజన్ గీతలను దశాంశ స్థానాలతో సహా కొలిచారు. నేను ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను.

ఎక్స్‌టర్నల్ సార్ పరిస్థితి గ్రహించాడు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "సార్, జరిగింది జరిగింది. ట్యూబు సంగతి బయటపడితే మిగిలిన నలుగురు ఏం కొలిచిన్రు అని అడుగుతరు. మీ పేరు పోతది, కాలేజీ పేరు పోతది. అమ్మాయికి పాస్ మార్కులు ఏసేద్దాం. ఆమె కూడ ఏం అనది. నా బస్సు కూడ దొరుకుతది."

నేను "సరే" అన్నాను. ఇది కూడా దాచకుండా చెప్పాలి కదా. అన్నాను. కుర్చీలో కూర్చొని మార్కుల షీటు ముందుకు లాక్కున్నాను. నలుగురికీ దాదాపు పూర్తి మార్కులు. ఆమెకు అంచు మీద పాస్. పీజీలో చేరాలని ఆమె ప్రవేశ పరీక్షకు చదువుతున్నదని నాకు తెలుసు. నా పేపరులో ఈ మార్కులు వస్తే సీటు దగ్గర ఆమె వెనకబడుతుందనీ తెలుసు. పెన్ను మూత తీశాను. కింద నా సంతకం కోసం ఖాళీ పెట్టి ఉంది. సంతకాలు పెట్టడంలో నాకున్నంత అనుభవం ఎవరికుంటుంది? నీలి సిరాతో ఆమె రాసిన వాక్యం పక్కనే కనబడుతోంది. పెన్ను మూత మళ్లీ పెట్టేశాను.

"నేను పెట్టను సార్" అన్నాను.

"ఏం పెట్టరు?"

"సంతకం. ఐదుగురివి రద్దు చేద్దాం. సరైన ట్యూబు పెట్టి మళ్లీ చేయిద్దాం. మీరు ఆ కాలేజీకి ఫోన్ చేసి ఆలస్యమయితదని చెప్పున్రి."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ప్రిన్సిపాల్ వచ్చాడు. "రిటైర్మెంటు ముంగట నీకెందుకయ్యా గీ లొల్లి" అన్నాడు. పిల్లలు ఇళ్లకు ఫోన్లు చేశారు. గజ్వేల్ నుంచి ఒకరి నాయన, "మా పోరనికి మంచిగ వస్తే మళ్ల ఎందుకు రాపిస్తున్నరు?" అని ఫోన్‌లోనే ఎగిరాడు. ఒక గంట గొడవ. చివరికి అందరూ నా మీద కోపంతోనే ఒప్పుకున్నారు.

అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "నేనెందుకు మళ్ల చెయ్యాలె సార్? ట్యూబుల ఏమున్నదో అది కొలిచిన. దాని మీద పేరు నేను రాయలేదు గద."

ఎక్స్‌టర్నల్ సార్ అంతసేపూ చిర్రుబుర్రులాడుతున్నవాడు, ఆ మాటకు ఆగిపోయాడు. ఆమె పేపరు మళ్లీ తీసుకున్నాడు. పుస్తకం తెప్పించి, ఆమె ఐదు గీతలనూ హీలియం పట్టికతో పోల్చాడు. తర్వాత పాత మార్కులు కొట్టేసి కొత్తవి వేశాడు. ఎన్ని వేశాడో చెప్పను గానీ, ఆయన వేసినవాటికి ఒక్కటి కూడా కలపాలని నాకు అనిపించలేదు.

మిగతా నలుగురూ సరైన ట్యూబుతో మళ్లీ చేశారు. ఈసారి నేను చీకటి గది గుమ్మంలో నిలబడ్డాను. మొదటి ఇద్దరికీ టెలిస్కోపు సరిచేసుకోవడమే రాలేదు. మూడోవాడు బయటికొచ్చి పేపరు ఇచ్చాడు. ఎరుపు, నీలం, ఊదా, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. అనుమానమొచ్చి లోపలికెళ్లి చూస్తే అంతా చీకటి. వెలుగు రావాల్సిన చీలిక పూర్తిగా మూసి ఉంది. దాంట్లోంచి సూర్యుణ్ణి పెట్టినా కనబడడు.

"ఇది ఎట్ల కొలిచినవ్ రా?" అని అరిచాను.

వాడు భయపడలేదు. నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "మీరే గ్రూపుల పెట్టిన్రు కదా సార్. కొలిచి కొంచెం అటుఇటు రాస్తే కొట్టేస్తరు. అందుకనే అందరం అదే యాది పెట్టుకున్నం."

ఇక ఎవరి మీద అరవాలి? అటెండర్‌కు చెప్పింది నేను. గ్రూపులో పెట్టింది నేను. ఎర్ర గీత కొట్టింది నేను. ఎటు తిరిగినా నేనే ఎదురొస్తున్నాను. ఆ నలుగురినీ కూర్చోబెట్టి, సాయంత్రం దాకా పక్కనే ఉండి, చీలిక తెరవడం దగ్గర్నుంచి నేర్పించి కొలిపించాను. రీడింగులు వంకరటింకరగా వచ్చాయి. పాసయ్యారు. ఎక్స్‌టర్నల్ సార్ రెండో కాలేజీ పరీక్ష మర్నాటికి మారింది. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

సాయంత్రం అందరి ముందూ ఆ అమ్మాయితో, "తప్పు నాది. నువ్వు చెప్పిననాడే చూడవలసి ఉండె" అన్నాను. పెద్ద మాటలేవో ఇంకా సిద్ధం చేసుకున్నాను. ఆమె బ్యాగు భుజాన వేసుకొని, "సరే సార్. దుబ్బాక బస్సుకు టైమయితుంది" అని వెళ్లిపోయింది. తర్వాత పీజీ సీటు వచ్చిందని విన్నాను. కృతజ్ఞతలు చెప్పడానికి రాలేదు. ఎందుకు రావాలి?

కథ అక్కడ ముగిస్తే నేను ఆఖరికి మంచివాణ్ణయినట్టే ఉంటుంది. కానీ మరుసటి వారం నాకు నిద్ర పట్టక, అల్మారాలో మూలుగుతున్న మూడేళ్ల పాత రికార్డులన్నీ దింపాను. పిల్లలు వదిలేసి పోయినవి. ఒక్కొక్కటే తిప్పుతూ పోతే, అన్నీ శుభ్రంగా, అన్నీ తప్పుగా, అన్నిటి మీదా 'వెరీ గుడ్'. ఒక్క పుస్తకంలో మాత్రం, లేబుళ్లు మారిన మొదటి ఏడాదిది, పెన్సిల్‌తో ఐదు గీతలు వేసి ఉన్నాయి. మధ్యలో ఉన్నదానికి ఎవరో కుర్రవాడు పసుపు రంగు కూడా పూశాడు. దాని మీద అడ్డంగా ఎర్ర సిరా. 'మళ్లీ చేయి.' నా చేతిరాత.

ఆ కుర్రవాడి ముఖం నాకు గుర్తే లేదు. అడ్మిషన్ రిజిస్టరులో నంబరు పట్టుకొని ఫోన్ చేశాను. హుస్నాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతున్నానన్నాడు. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చోబెట్టి, వద్దంటున్నా చాయ్, మిర్చీలు తెప్పించాడు. రికార్డు తీసి ఆ పేజీ చూపించి, జరిగిందంతా చెప్పాను. అతను ఆ పసుపు గీత మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"అప్పుడు నాకు కూడ డౌటే ఉండె సార్" అన్నాడు. "మీరు కొట్టేసినంక నేనే తప్పు చూసిన కావచ్చు అనుకున్న."

"నువ్వు తప్పు చూడలేదు."

"అయిపాయె లెండ్రి సార్. మీరు మంచే చేసిన్రు. అప్పటి సంది నాకు ప్రాక్టికల్స్‌ల ఎన్నడు మార్కులు తక్కువ రాలేదు." ఎగతాళి కాదు, గౌరవంగానే అన్నాడు. "ఇప్పుడు మా పిల్లలకు కూడ నేను గదే చెప్తున్న. ఏం కనబడ్డా సరే, బుక్కుల ఉన్నదే రాయున్రి, పరేషాన్ గాకున్రి అని."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నా ముందు కూర్చున్న మనిషి ఏడాదికి ఎంతమంది పిల్లలకు ఈ మాట చెబుతున్నాడు? నేను ఎర్ర సిరాతో గీసిన ఆ ఒక్క గీత ఎంత దూరం పోయింది?

"మీ స్కూల్లో ల్యాబ్ ఉందా?" అని అడిగాను.

"ల్యాబ్ ఎక్కడిది సార్. ఒక అల్మారా ఉంది. కటకాలు, పట్టకం, గా సామానే."

"నడువు. పోయి తెరుద్దాం. రేపటి క్లాసుకు నువ్వు నీ కన్నుతో చూసి పోవాలె."

అతను ఇబ్బందిగా నవ్వాడు. "ఇయ్యాల ఆదివారం సార్. తాళంచెవి హెడ్‌మాస్టర్ దగ్గర ఉంటది. ఆయన పెండ్లికి పోయిండు. ఎప్పుడొస్తడో ఏమో."

"వచ్చేదాక కూసుంట" అన్నాను.